రాజేశం సార్ సర్కారు

ఎన్నికల డ్యూటీ ముగించుకొని ఇంటికొచ్చి స్నానం చేసినా, అన్నం కలుపుకోబోతే వేళ్ళకు ఆ సిరా వాసన తగులుతూనే ఉంది. ముందు స్పిరిట్‌లా ముక్కుకు ఘాటుగా కొట్టి, తర్వాత తుప్పు నీళ్ళలా చేదుగా నిలిచిపోయే వాసన. వచ్చిన ప్రతివాళ్ళ ఎడమ చూపుడు వేలు పట్టుకొని గోటి మీద గీత గీసే పనిని ఇన్నేళ్ళ మాస్టరు ఉద్యోగంలో పక్కవాళ్ళకు అప్పజెప్పి తప్పించుకుంటూ వచ్చాను, ఈసారి కుదరలేదు. బీడీలు చుట్టి చుట్టి కొసలరిగిన వేళ్ళు, పసుపు ఉడకబెట్టి పచ్చబడిన వేళ్ళు, మొదటిసారి ఓటేస్తున్న పిల్లల మెత్తటి వేళ్ళు పొద్దుగూకేదాకా నా చేతుల మీదుగా పోయాయి. ఒక కుర్రాడు ఆ గీతను చూసుకుంటూ, "సార్, గిది పోతదా?" అని నవ్వుతూ అడిగాడు. నేను తర్వాతి వేలు పట్టుకున్నాను. చిన్నప్పుడు ఇదే ప్రశ్న నన్ను ఇంకొకడు అడిగాడు. వాడికి నేను అబద్ధం చెప్పాను.

నేను పుట్టింది సిరిసిల్లలో. మా బాపు నూలుకు రంగులద్దేవాడు. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో పొయ్యిల మీద కుతకుతలాడే రాగి గాబులు, కర్రలకు వేలాడే నీలి, ఎర్ర, ఆకుపచ్చ నూలు చిలపలు, వాటి నుంచి కారి కాలువ కట్టే రంగునీళ్ళు, ఆ నీళ్ళలో తిరిగి రంగురంగుల కాళ్ళతో ఇల్లంతా తొక్కే మా అవ్వ కోళ్ళు, ఇదీ నా చిన్నతనం. షెడ్డులో ఒక మూల మూత బిగించిన డబ్బాలో తెల్లటి పొడి ఉండేది. దాన్ని హైడ్రోస్ అనేవాళ్ళు. మూత తీస్తే గంధకం కాలినట్టు వాసన. రంగు సరిగా ఎక్కని నూలును ఆ పొడి కలిపిన నీళ్ళలో ముంచితే ఎక్కిన రంగంతా దిగిపోయేది. సద్దుల బతుకమ్మ నాడు మాత్రం బాపు ఆ నీళ్ళతో మోచేతుల దాకా తోముకొని, పుట్టినప్పటి చేతులతో వచ్చి కూర్చునేవాడు. నువ్వుల సద్ది, పల్లీల సద్ది, బెల్లం కలిపి దంచిన మలీద ముద్దలు ఆ చేతులతో మాకు తినిపిస్తుంటే, ఈయన వేరే ఎవరో అని మా చెల్లె కొంచెం జంకేది.

ఎనిమిదో తరగతికి నన్ను జగిత్యాలలో మా మేనమామ ఇంట్లో ఉంచారు. ఆయన బట్టల దుకాణంలో గుమస్తా. నన్ను చేర్చిన సర్కారు హైస్కూలులో సోషల్ చెప్పే రాజేశం సార్ రోజూ కోరుట్ల నుంచి బస్సులో వచ్చేవారు. తెల్ల చొక్కా జేబు మీద ఎప్పుడూ సుద్దముక్కల బూడిద, బుగ్గన వక్క, చేతిలో బెత్తానికి బదులు మడిచిన దినపత్రిక. పౌరశాస్త్రం చదివితే వచ్చేది కాదు, నడిపితే వచ్చేదని ఆయన నమ్మకం. అందుకని మా బడిలో ఒక సర్కారు పెట్టారు. ఏటా పిల్లలే ఓట్లేసి ముఖ్యమంత్రిని ఎన్నుకోవాలి. ఆయన కింద నీళ్ళ మంత్రి, ఆటల మంత్రి, చీపుర్ల మంత్రి. ఓడినవాడు ప్రతిపక్ష నాయకుడు. శనివారం మధ్యాహ్నం వేపచెట్టు కింద సభ. అడగదలచుకున్నవాళ్ళు చూపుడు వేలు పైకెత్తాలి. ఎంత చిన్న తరగతి పిల్లవాడు ఎత్తినా మంత్రి లేచి నిలబడి జవాబు చెప్పాలి. సార్ మాత్రం సభలో మాట్లాడేవారు కాదు. కుర్చీని చెట్టు వెనక్కి జరుపుకొని పత్రిక చదువుతున్నట్టు నటించేవారు. నవ్వొచ్చినప్పుడల్లా పత్రిక ఊగేది.

తొమ్మిదిలో నేను ప్రతిపక్షం, మల్లేశం నీళ్ళ మంత్రి. మల్లేశం బీర్పూర్ అవతల అడవి అంచు పల్లె నుంచి వచ్చిన కల్లుగీత కార్మికుని కొడుకు, హాస్టల్ పిల్లవాడు. బడికి ఆలస్యంగా వేసినందువల్ల మా అందరికన్నా జానెడు ఎత్తు, అప్పటికే నూనూగు మీసం. చలికాలం ఊరి నుంచి వస్తే గోనెసంచిలో తాటి గేగులు తెచ్చి, నిప్పుల మీద కాల్చి, నార తీసి, అందరికీ విరిచి పెట్టేవాడు. చిర్రగోనె, అదే గోటీబిళ్ళ, ఆడితే వాడు కొట్టిన బిళ్ళ బడి గోడ దాటేది.

"మంత్రిగారూ, బోరింగు పిడి ఇరిగి ఎన్ని దినాలాయె? మేం నీళ్ళకు గోస పడుతుంటే మీరు నిద్ర పోతుండ్రా?" అని నేను వేలెత్తి అడిగేవాణ్ణి.

మల్లేశం లేచి, గొంతు సవరించుకొని, "అధ్యక్షా, పిడి నిన్ననే అతికిచ్చినం. మల్ల ఇరగ్గొట్టింది గా ప్రతిపక్షమే. మొన్న దానికేలాడి ఊగిండు, నా కండ్లార జూసిన" అనేవాడు. సభ గొల్లున నవ్వేది. చెట్టు వెనక పత్రిక ఊగేది.

అది అడవిలోని అన్నలూ పోలీసులూ ఎదురెదురుగా ఉన్న కాలం. తెల్లారేసరికి గోడల మీద ఎర్ర అక్షరాలు మొలిచేవి. పొద్దెక్కేలోగా పోలీసులు వాటిపై సున్నం పూయించేవారు. సున్నం కింది నుంచి అక్షరాలు మళ్ళీ కనపడుతూ ఉండేవి. సంఘం, సభ, నాయకుడు అన్న మాటలకు పెద్దవాళ్ళు గొంతు తగ్గించేవారు. "రాజేశం, గీ సర్కారు సంగతి ఇడిసిపెట్టరాదు. దినాలు బాగలేవు" అని తోటి మాస్టర్లు చెప్పడం విన్నాను. సార్ నవ్వి, "పోరగాండ్లకు అడుగుడు నేర్పుతున్న గంతే. గా మాత్రం గూడ అద్దంటే బడెందుకు?" అన్నారు.

మేం పదిలో ఉండగా అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. పిల్లలు అసలైనదాన్ని చూస్తూ నేర్చుకుంటారని సార్ మా ఎన్నికను కూడా అప్పటిదాకా వాయిదా వేశారు. ముఖ్యమంత్రికి పోటీ మల్లేశం, నేను. ముందటేడు కొందరు రెండేసి సార్లు ఓటేశారని గొడవైంది గనుక ఈసారి వేలికి గుర్తు పెట్టాలన్నారు సార్. మామూలు సిరా అయితే ఉమ్మితో పోతుంది. అప్పుడు నేనే లేచి, "మా బాపు రంగు పెడ్దాం సార్, సచ్చినా పోదు" అన్నాను. సార్ ముఖం వెలిగిపోయింది. దీపావళికి సిరిసిల్ల పోయినప్పుడు బాపు చిన్న సీసాలో ముదురు నీలి రంగు పోసిచ్చాడు. దాంతోపాటు కాగితంలో చిటికెడు హైడ్రోస్ కూడా కట్టి, "ఎవలన్న పిల్లలు ఏడిస్తే గిది నీళ్ళల్ల కలిపి రుద్దు" అన్నాడు. సీసా సార్‌కు ఇచ్చాను. పొట్లం సంగతి చెప్పలేదు. సచ్చినా పోదన్న నా మాట గొప్ప తగ్గుతుందని చెప్పలేదు.

మా పోలింగు జరిగిన సాయంత్రం నుంచే బడికి ఎన్నికల సెలవులు. ఓటర్ల వేళ్ళకు రంగు పెట్టే పని, రంగు తెచ్చినవాడిననే గౌరవంతో, నాకే దక్కింది. వరుసలో మల్లేశం వంతు వచ్చింది. వాడు చెయ్యి చాపలేదు.

"సార్, నాకద్దు సార్. మా దిక్కు ఓటెయ్యద్దని అన్నలు చెప్పిండ్రు. ఏలికి గుర్తు కనవడితే ఏలు నరుకుతరట."

సార్ నవ్వేశారు. "పదో తరగతి పోరనికి ఓటెక్కడిదిరా? గా మాత్రం అన్నలకు తెల్వదా?"

మల్లేశం తన మీసం తడుముకొని ఏదో అనబోయాడు. నేను ఊరుకోలేదు. "ఓడిపోతనని బయపడ్తుండు సార్" అన్నాను. వరుసంతా నవ్వింది. వాడు నా వైపు చూసి, చెయ్యి చాపాడు. అందరికీ గీత గీసిన నేను వాడి వేలికి మాత్రం గోరంతా, గోటి చుట్టూ చర్మమంతా పట్టేలా పూశాను.

సాయంత్రం లెక్కపెడితే మల్లేశం గెలిచాడు. నాకు పడ్డవి పిడికెడు. పిల్లలు వాడిని భుజాల మీద ఎత్తుకొని బోరింగు చుట్టూ తిప్పారు. చీకటి పడుతుండగా సంచి సర్దుకొని బస్సుకు పోతూ వాడు నా దగ్గరికొచ్చి, నవ్వడానికి ప్రయత్నిస్తూ అడిగాడు.

"వారీ, గిది పోతదా?"

పొట్లం నా చొక్కా జేబులోనే ఉంది. చేత్తో తడిమితే గరగరలాడింది.

"పోదు" అన్నాను.

ఇంటికి పోయి, మా అత్తమ్మ నేను ఇల్లంతా రంగు చేస్తానని అరుస్తుంటే, బావి గట్టు మీద కూర్చొని ఆ పొడితో నా వేలు శుభ్రంగా తోముకున్నాను.

తర్వాత జరిగింది తెలిసినవాళ్ళు చెబితే విన్నదే. ఆ పల్లెలో ఒక్కరూ ఓటెయ్యలేదు. గుర్తున్న వేలు ఊరంతటికీ మల్లేశానిది ఒక్కటే. వాళ్ళమ్మ భయంతో చింతపండుతో రుద్దింది, కిరసనాయిలుతో రుద్దింది, చివరకు సున్నం, సోడా కలిపి గుడ్డలో పెట్టి కట్టింది. వేలు ఉడికిపోయి గోరు ఊడింది. ఓట్లు పడని ఊరని పోలీసులు వెతకడానికి వచ్చినప్పుడు, పెద్దవాడిలా కనబడే కుర్రాడి చేతికి కట్టు కనబడింది. విప్పి చూశారు. కాలిన వేలు. మందుపాతర పెట్టబోయి కాల్చుకున్నావా అని జగిత్యాల ఠాణాకు తెచ్చారు.

సార్‌కు తెలిసి కోరుట్ల నుంచి పరుగున వచ్చారు. హాస్టల్ ఖాళీ, పిల్లలంతా ఊళ్ళల్లో ఉన్నారు; ఆయనకు ఇల్లు తెలిసిన ఊరి పిల్లవాణ్ణి నేనే. "నీ ఏలు జూపిస్తే సాలు, ఇడిసిపెడ్తరు" అని మామ ఎదుటే చెప్పి నన్ను తీసుకుపోయారు. మామ గుమ్మం దగ్గర నా చెవిలో, "మీ బాపు పేరు, షెడ్డు పేరు ఎత్తినవంటే వాళ్ళు గక్కడికి గూడ పోతరు" అన్నాడు. దారిపొడుగునా నా చేతిని నిక్కరు జేబులోంచి తీయలేదు. సార్‌కు చెప్పాల్సింది ఆ దారిలోనే. చెప్పలేదు.

"ఏం పంతులూ, బళ్ళె సర్కారు నడిపిస్తున్నవట? ముఖ్యమంత్రి గూడ ఉన్నడట?" అన్నాడు ఎస్సై. కానిస్టేబుళ్ళు నవ్వారు.

"పిల్లల పాఠం సార్ గది. గా పిలగాని ఏలికి రంగు మా బళ్ళెనే పెట్టినం. గది తీస్తందుకు వాళ్ళవ్వ ఏదో రుద్దింది. గిదే రంగు గీ పిలగాని ఏలికి గూడ ఉంది, సూడుండ్రి."

ఎస్సై నా వైపు తిరిగాడు. "ఏదిరా, పట్టు."

చెయ్యి చాపాను. సార్ దాన్ని తిప్పి చూశారు. రెండో చెయ్యి కూడా తీసుకొని చూశారు. గోళ్ళు బతుకమ్మ నాటి మా బాపు గోళ్ళలా తెల్లగా ఉన్నాయి. లోపలి గదిలోంచి ఎవరో దగ్గారు. అది మల్లేశం దగ్గేనని నాకు తెలిసింది.

"ఏది పంతులూ, రంగు?" అన్నాడు ఎస్సై. ఈసారి ఎవరూ నవ్వలేదు.

బయటికొచ్చాక సార్ రోడ్డు పక్కన కూర్చుండిపోయారు. "ఎట్ల పోయిందిరా?" అని అడిగారు. చెప్పాను. "గా పొడి ఇంక ఉన్నదా?" ఉందన్నాను. ఆయన కొట్టలేదు. లేచి మళ్ళీ ఠాణా వైపు పోయారు. గేటు దగ్గరే ఆపేశారు. మర్నాడు సార్ రంగు వేళ్ళున్న ఇద్దరు పిల్లల్ని ఊళ్ళో వెతికి తీసుకుపోతే, ఆ కుర్రాడు ఇక్కడ లేడు, వేరే చోటికి పంపామన్నారట.

చలి తగ్గేనాటికి వాణ్ణి వదిలేశారని విన్నాం. బడికి మాత్రం రాలేదు. వారం వారం ఠాణాలో సంతకం పెట్టాలి, ఊళ్ళో అన్నలకు సంజాయిషీ చెప్పాలి, చదువు ఎప్పుడు చదువుతాడు? మా సర్కారు రద్దయింది. సార్‌ను ఎక్కడో దూరపు ఊరికి బదిలీ చేశారు. సభలు వద్దన్నారు గనుక వీడ్కోలు సభ కూడా జరగలేదు. ఓట్లు వేసిన రేకు డబ్బాను చంకలో పెట్టుకొని ఆయన కోరుట్ల బస్సెక్కుతుంటే నేను బట్టల దుకాణం లోపలి నుంచి చూశాను. బయటికి రాలేదు.

చాలా ఏళ్ళకు, పిల్లలతో కొండగట్టు గుడికి పోయినప్పుడు, మెట్ల మీద గుండు చేయించిన పసివాణ్ణి ఎత్తుకొని ఒక పొడుగాటి మనిషి ఎదురొచ్చాడు.

"ఏం ప్రతిపక్షమా, మంచిగున్నవా?"

నవ్వు అదే. నేను చూడకూడదనుకుంటూనే వాడి ఎడమ చెయ్యి చూశాను. వాడు గమనించి, వేలు ముడవకుండా పిల్లవాడి వీపు మీద అలాగే ఉంచాడు. "గోరు మల్ల మొలువలే. తాళ్ళు గీసుడుకు అడ్డమేం గాదు తియ్" అన్నాడు. పొట్లం సంగతి చెబుదామని నోరు తెరిచాను. "సార్‌ను కలిసినవా?" అని అడిగాను. "నువ్వు కలువలేదా? పోయిన యాడాదే సచ్చిపోయిండు గద" అన్నాడు. తర్వాత పిల్లవాడు ఏడిస్తే, వాడు మెట్లు దిగిపోయాడు.

బాపు షెడ్డు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ దుకాణం. నూలు రంగులతోనే మిల్లుల నుంచి వస్తోంది. గోడల మీద ఎర్ర అక్షరాలు లేవు, సున్నం లేదు, ఆ అన్నలూ లేరు. ఇక ఎవరికీ భయపడే పని లేదు. నేను సోషల్ సార్‌నై, హెడ్మాస్టర్‌నై, విద్యార్థి నాయకుల బాధ్యత కూడా చూస్తున్నాను. చూడడమంటే, ఏటా ఒక పేరు నేనే రాసుకొని ప్రార్థన సమయంలో చదువుతాను. పిల్లలు చప్పట్లు కొడతారు.

ఎన్నికల మర్నాడు బడి తెరిచాక, వరండాలో బూత్ నంబరు కాగితాలు పిల్లలు చింపుతుంటే, ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె నా బల్ల ముందుకొచ్చి చూపుడు వేలు పైకెత్తింది.

"సార్, లీడర్ను మీరే ఎందుకు పెడ్తరు? మేం ఓట్లెయ్యద్దా? ఏలికి సుక్క గూడ పెట్టుకుంటం."

ఎత్తిన వేలు అలాగే ఉంచి ఆ పిల్ల జవాబు కోసం చూసింది. నా వేళ్ళకు ఇంకా సిరా వాసన వస్తోంది. "వచ్చే ఏడు చూద్దాం, బిడ్డా" అన్నాను. ఆ వేలు కాసేపు గాల్లోనే ఉండి, మెల్లగా దిగిపోయింది.