మా బావ తలుపుకి పచ్చరంగు

మా బావ, అంటే మా చెల్లెలి మొగుడు, పోర్టులో గుమాస్తా, ఇంటికొస్తే కవి. సాయంత్రం ఓడ కూసిందంటే తన పద్యానికి అడ్డొచ్చిందని కంచరపాలెం ఇంట్లోంచే తిట్టేవాడు. ఆ తిట్లకి ఓడలు మద్రాసు పారిపోయేవని నేను ప్రచారం చేసేవాణ్ణి. డెబ్భైల చివర ఒక సాయంత్రం ఓడ కూసింది. బావ బూట్లు విప్పకుండా మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. తిట్టలేదు. నాకు భయం వేసింది.

ఆసుపత్రిలో రక్తం, మూత్రం, ఎక్స్‌రే పరీక్షలన్నీ అయ్యాయి. ఆ గదుల చుట్టూ చేసిన ప్రదక్షిణలకి నాకు మోక్షం రావాలి. అన్నీ నార్మల్. చివరికి సైకియాట్రీ డాక్టరుగారు చెప్పారు: "ఇది డిప్రెషన్. బద్ధకం కాదు, గాలి సోకటం కాదు. టాబ్లెట్లు ఆపకూడదు. మాట్లాడకపోతే, ఆయన ఒప్పుకుంటే రాసుకునే డైరీలు చదవండి. లోపలేముందో నాకు తెలియాలి."

అడిగితే బావ డైరీలున్న ట్రంకుపెట్టెని కాలితో నా వైపు తోశాడు. మా చెల్లెలికి చదువు రాదు. "ఏటి రాసేరన్నియ్యా మీ బావ? గట్టిగా సదువు," అని ఎదురుగా కూర్చుంది.

మొదటి పేజీలో ఇలా ఉంది: "ఈ గదికి తలుపుంది. నాకు లేదు."

చెల్లెలి మొహం చూశాక నా నోరు నా మాట వినలేదు. "ఈ గది తలుపు వెలిసిపోయింది, పచ్చరంగు వేయించాలి," అని చదివాను.

చెల్లెలు ఎన్నాళ్ళకో నవ్వింది. "ఇదా ఈ మనిసి బెంగ!"

మర్నాడే రంగు డబ్బా వచ్చింది. సగం తలుపుకి వేశాను, సగం నాకు.

అక్కణ్ణించి ఇరుక్కుపోయాను. బావ గోడవైపు తిరిగి పడుకుని వింటూండగా, ఆయన దుఃఖాన్ని రోజూ నేను హాస్యకథగా చదవాలి. "ఊపిరాడటం లేదు" అన్నచోట ఉప్మాలో జీడిపప్పు చాలలేదన్నాను. చెల్లెలు దండిగా వేసింది. బావ ముట్టలేదు, నేను తిన్నాను. డైరీలో ఏముందని అడిగిన డాక్టరుగారికీ అదే ఉప్మా వడ్డించాను.

ఆ మాటలు నమ్మి చెల్లెలు టాబ్లెట్లు ఆపేసింది. "కులాసాగా రాత్తన్నారు కదా. మందేస్తే మగతగా పడుంటన్నారు," అంది. ఆ సంగతి నాకు తెలిసేసరికి బావ అన్నం మానేశాడు. డైరీలో కొత్త పేజీ ఉంది: "తలుపు పచ్చగా అయింది. నా డైరీలో కూడా నేను లేను. రేపు రాయడానికేమీ లేదు."

ఎంత వెతికినా అందులో జీడిపప్పు దొరకలేదు. ఉన్నదున్నట్టు చదివాను.

చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మరి తలుపు రంగో?"

"నాను కల్పించిందే."

"ఉప్మా?"

"అదీ."

"మొదట్నుంచి మళ్ళీ సదువు. నీ మాటొక్కటి కలిపేవంటే ఊరుకోను."

గబగబా మొదలెట్టాను. మంచం మీంచి బావ గొంతు వినబడింది. "తలుపుంది అన్నాక ఆగు, బావా. పరిగెడతావేటి?"

ఆ సాయంత్రమే రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. "రిలాప్స్, జబ్బు తిరగబెట్టింది. ఈ మాటలు ముందే నాకెందుకు చెప్పలేదు?" అన్నారు డాక్టరుగారు. అడ్మిట్ చేసి డోస్ పెంచారు. ఆ మందులకి బావ చేతులు వణికాయి, ఒళ్ళొచ్చింది. తేలుతూ మునుగుతూ బావ ఒడ్డుకొచ్చాడు.

ఏడాది తిరిగేసరికి డ్యూటీకి వెళ్తున్నాడు, టాబ్లెట్లు వేసుకుంటున్నాడు. ఓడల్ని మళ్ళీ తిడుతున్నాడు గానీ గొంతు సగమే. అవి భీమిలి దాకానే పారిపోతున్నాయి. మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే ఆయన మాట ఆయన అన్నట్టే డాక్టరుకి చేర్చండి, పంచదార కలపకండి.

తలుపు రంగు మార్చేద్దామంటే బావ ఒప్పుకోడు. "ఉండనీ, బావా. నీ రచనల్లో నిలబడింది అదొక్కటే."