అమ్మి ఎక్కిన గుర్రాలు

రాయగడలో మా మరిది ఇంటి వరండాలోనే పిల్లలెక్కి ఊగే చెక్కగుర్రాలు చేసేవాడు. ఏ గుర్రాన్నయినా ముందు కూతుర్ని ఎక్కించి చూసేవాడు. పోలియో వచ్చి ఆ పిల్లకు కాళ్లలో పట్టు లేదు. "మా అమ్మి పడనేదంటే ఇంకెవులూ పడరు" అని గొప్పగా చెప్పేవాడు. అమ్మి పకపకా నవ్వుతూ ఊగేది. దానికి వేరే ఆట లేదు.

ఒకసారి బజారు షావుకారు భార్య అది చూసింది.

"మా బాబు గుర్రమ్మీద ఈ పిల్లని కూకోబెట్టేవేటి? శకునం బాగోదు. ఇంకోటి సెయ్యి."

మరిది "అలాగేనమ్మా" అన్నాడు.

ఆమె వెళ్లాక అడిగాను. "నోరు పడిపోనాదేటి నీకు?"

"ఊరంతా ఆ మాటే పట్టుకుంటే నా గుర్రాలు ఎవులు కొంటారు, వదినా?"

ఆ తర్వాత ఇసక సంచి ఎక్కించి చూసుకునేవాడు. కొనేవాళ్లు వస్తే కూతుర్ని లోపలికి పొమ్మనేవాడు. షావుకారు భార్యది మూర్ఖత్వం. వీడిది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

కొన్నాళ్లకు చెప్పే పని కూడా తప్పింది. గేటు చప్పుడైతే చాలు, అమ్మి తనే పాక్కుంటూ లోపలికి పోయి తలుపు వేసుకునేది. మరిది తలెత్తకుండా చిత్రిక పట్టేవాడు.