నాలుగు ఆజ్ఞలు

ప్రమోద్ ఇంట్లో చివరిసారిగా చేసిన పని గోరుచిక్కుడుకాయలకు ఈనెలు తీయడం. సగం అయ్యేసరికి ఆఫీసు బస్సు వేళయింది. "మిగతావి వచ్చాక తీస్తా, నువ్వు చెయ్యి పెట్టకు" అని అక్క కమలకుమారికి చెప్పి వెళ్లాడు. బస్సు పంజాగుట్ట దాటకముందే అతని గుండె ఆగింది.

కమలకుమారి తెలుగు టీచరుగా చేసింది. షుగరు వ్యాధి చూపు తీసుకుపోయాక అమీర్‌పేటలో తమ్ముడి దగ్గరే ఉంటోంది. ఒకరిచేత చదివించుకోవడం ఆమెకు గిట్టదు. "చదివేవాళ్లకి తొందర, వినే నాకు మొహమాటం" అనేది.

ప్రమోద్ చదువుకునే రోజుల్లో తెలుగును పైకి చదివే ప్రోగ్రాం ఒకటి రాశాడు. అది నడిచిన రకం యంత్రాలు ఇప్పుడు ఎక్కడా లేవు. అక్క కోసం దాన్ని మళ్లీ పలికించాలని, కొత్త కంప్యూటరును ఆ పాత ప్రాసెసరులా నడిపించే ఎమ్యులేటర్ రాయడానికి కూర్చున్నాడు. పాతదానికి తెలిసిన ఆజ్ఞలన్నీ ఒక్కొక్కటే కొత్తదానికి నేర్పాడు. నాలుగింటిని మాత్రం ముట్టుకోలేదు. వాటి మీద ఓ అమెరికా కంపెనీకి పేటెంటు ఉంది. వాటిలో ఏది అవసరమైనా ప్రోగ్రాం వాక్యం మధ్యలో నోరు మూసేది.

"ఏంట్రా, దీనికీ మొహమాటమేనా?"

"పరాయివాళ్ల సొత్తక్కా అవి. రెండేళ్లలో గడువు తీరుతుంది. అప్పుడు కలుపుతా."

"అందాకా సగం సగం వినమంటావా?"

"నీ నోటికి మిగతా సగం ఓ లెక్కా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె ఎదురుచూస్తూనే ఉంది. అతను పనిచేసేది అమెరికా కంపెనీల కోసం. ఆ ఆఫీసులో వాళ్ల సెలవులే వీళ్ల సెలవులు, వాళ్ల చట్టమే వీళ్ల చట్టం.

పెద్దకర్మకు వచ్చిన సహోద్యోగి సురేందర్‌ను కమలకుమారి పక్కకు పిలిచి అడిగింది. "వాడు చెప్పిన పేటెంటు గడువు ఎప్పుడు తీరుతుంది బాబూ? ఆ నాలుగు ఆజ్ఞలూ నువ్వు కలపగలవా?"

"కనుక్కుంట అక్కా, ఫికర్ చెయ్యకుండ్రి."

వారం తర్వాత మళ్లీ వచ్చాడు.

"గా పేటెంటు అమెరికాలనే ఉన్నదక్కా. మన దేశంల ఎవ్వలు తీసుకోలే. ఇక్కడ రాసుకుంటే అడిగెటోడు లేడు."

"మరి వాడికి తెలీదా?"

"మాకెవ్వలికి తెల్వదు. అడగాల్నని సుత తట్టలే."

ఆ నాలుగు ఆజ్ఞలు రాయడానికి సురేందర్‌కు ఒక్క మధ్యాహ్నం పట్టింది.