నేను వెనక్కి జరిపిన డబ్బా

మాదాపూర్‌లో కంప్యూటరు ఆఫీసులు లేస్తున్న రోజులవి. మా ఆయన అక్కడ ఇసుక లారీ నడిపేవాడు. కొండాపూర్‌లో మా పక్క గదిలో పాలమూరు నుంచి వచ్చిన ఒకామె ఉండేది. మొగుడు లేడు. సైటు గేటు దగ్గర కిరోసిన్ స్టవ్ పెట్టుకొని కూలీలకు ఉప్మా, చాయ్ అమ్మేది. బ్లాకులో కిరోసిన్ కొనే స్తోమత ఆమెకు లేదు.

రేషన్ షాపు దగ్గర కిరోసిన్‌కు మనిషి నిలబడే పని లేదు. డబ్బా పెట్టి దాని మీద రాయి పెడితే ఆ వంతు వాళ్లదే. ఆ రోజు ఆమె డబ్బా ఐదోది, నాది ఆరోది.

"అక్కా, జర నా డబ్బా చూడు. ఉన్న ఉప్మా అమ్మి ఉరికొస్త. ఇంట్ల గాసునూనె సుక్క లేదు" అని చెప్పి, వరస కూడా చూసుకోకుండానే వెళ్లింది.

కాసేపటికి డీలరు బయటికొచ్చి, ఈసారి కిరోసిన్ తక్కువ వచ్చిందన్నాడు. ఆడవాళ్లు తిట్లకు దిగితే పేపరు చూపించాడు.

"నన్నంటే ఏమొస్తది? నూనె బావులన్నీ సౌదీ, ఇరాన్, కువైట్ అసుంటి దేశాలయి. ఒకప్పుడు తెల్లోళ్ల కంపెనీలు తవ్వుకునేటియి, తర్వాత అక్కడి సర్కార్లే గుంజుకున్నయి. ఇప్పుడు అందరు ఒక్కతాన కూసొని నూనె తక్కువ తీద్దామనుకున్నరంట."

"గది సరే గని, నీ ఇంటెనక డ్రమ్ములు ఏ దేశపోళ్లయిరా?" అందొక ముసలమ్మ. అందరం పగలబడి నవ్వాం.

"నవ్వుండ్రి. ఇయ్యాల ఐదుగురికే వస్తది" అన్నాడు.

నవ్వుతూనే ఉన్నాను. ఆమె డబ్బా మీది రాయి తీసి, డబ్బాను నా డబ్బా వెనక పెట్టి, రాయి మళ్లీ ఎప్పటిలాగే పెట్టాను. ఎవరూ చూడలేదు.

ఆమె పరుగున వచ్చేసరికి నా డబ్బా నిండింది. "ఏందక్కా, నాది?" అంది. నా డబ్బాతోనే అయిపోయిందని చెప్పి, డీలరు చెప్పిన దేశాలన్నీ ఒక్కటీ మరవకుండా అప్పజెప్పాను. నోరు తెరుచుకొని విన్నది. "గంత దూరమోళ్లు జేస్తే నువ్వేం జేస్తవక్కా" అని నన్నే ఓదార్చింది.

వారం రోజులు స్టవ్ వెలగలేదు. ఆ గేటు దగ్గర ఇంకొకరు బండి పెట్టుకున్నారు. ఆమె అదే సైటులో ఇటుకలు మోయడానికి పోయింది.

మరుసటి నెల తన రేషన్ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇగ నాకు కట్టెల పొయ్యి సాలక్కా. నా వంతు గూడ నువ్వే తెచ్చుకో" అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. కార్డు తీసుకున్నాను.