టోపీ ఉంటేనే సలాం

ఫౌజులో నాకు పడిన మొదటి శిక్ష సలాం కొట్టనందుకు కాదు, టోపీ తీసినందుకు.

చేరి వారం కూడా కాలేదు. మైదానంలో మమ్మల్ని వరసగా నిలబెట్టారు. ఒక కెప్టెన్ నడిచి వచ్చాడు. ఆయన నా ముందుకు రాగానే నా చెయ్యి దానంతట అదే పైకి పోయి టోపీ తీసేసింది. నడుము వంగింది. బూట్లకు లేసులు బిగించి ఉన్నాయి గాబట్టి సరిపోయింది, లేకుంటే వాటినీ విడిచి చేతపట్టుకునేవాణ్ణే. మాకు కవాతు నేర్పే హవల్దారును అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన కెప్టెన్ వెళ్లేదాకా ఊరుకున్నాడు. తర్వాత నాతో తుపాకీ నెత్తిన ఎత్తించి మైదానం చుట్టూ పరుగెత్తించాడు. ఫౌజీ నెత్తిన టోపీ ఉంటేనే సలాం అని ప్రతి చుట్టుకూ ఒకసారి అరిచాడు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఉస్తాద్ మీద కాదు, మా ఊరి మీద.

మాది కేతేపల్లి దగ్గర పల్లె. మా వాడలో ఎవరికీ గుంట భూమి లేదు. మేము దొర గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు విడిచి చేతపట్టుకోవాలి, తలకు చుట్టిన రుమాలు విప్పి నడుముకు కట్టుకోవాలి. దొర అరుగు మీద ఉన్నా లేకున్నా అంతే, గోడకైనా వంగి పోవాలి. నా చిన్నతనంలో, జనం దొరల మీద తిరగబడ్డ గడబిడ రోజుల్లో ఆ దొర పట్నం పారిపోయాడు. మా పీడ పోయిందనుకున్నాం. కొన్నాళ్లకు నెత్తిన ఖద్దరు టోపీతో దిగాడు. ఏ ఎండకా గొడుగు పట్టే రకం. ఆయన టోపీ పెట్టుకున్నాడు గాని మా రుమాళ్లు మాత్రం నడుముల దగ్గరే ఉండిపోయాయి.

మా ఊళ్లో హోదా అంటే ముందుకు పొడుచుకొచ్చిన బొర్ర, మీసం, తెల్లబట్టలు. ఫౌజులో అట్లా కాదు. చేతి మీద ఒక పట్టీ ఉంటే లాన్స్ నాయక్, రెండుంటే నాయక్, మూడుంటే హవల్దారు. పట్టీలకు సలాం లేదు. భుజం మీద నక్షత్రాలున్న అఫ్సరుకే సలాం. అదీ మనిషికి కాదు, ఆ నక్షత్రాలకు. టోపీ లేనివాడు చెయ్యి ఎత్తకూడదు, నిటారుగా నిలబడితే చాలు. ఇవన్నీ తొందరగానే వంటబట్టాయి. నాకు మింగుడుపడనిది ఒక్కటే. సలాం అందుకున్న అఫ్సరు తిరిగి సలాం కొట్టి తీరాలట. మొదటిసారి ఒక కర్నల్ నాకు చెయ్యి ఎత్తిన రోజు నేను అన్నం ముందు కూర్చుని చాలాసేపు ముద్ద ఎత్తలేదు. మా బాపు బతుకంతా మొక్కాడు. ఎవరు తిరిగి చెయ్యి ఎత్తారు ఆయనకు?

మొదటి సెలవుకు ఫౌజు బట్టలు విడవకుండా వర్దీ మీదనే వచ్చాను. పెద్ద రోడ్డు మీద బస్సు దిగితే బాపు ఎదురుచూస్తున్నాడు. నా బూట్లు చూసి తెగ మురిసిపోయాడు. గడీ మలుపు దగ్గరికి రాగానే ఆ మురిపెం ఎటో పోయింది. తన చెప్పులు చేతపట్టుకుని, రుమాలు నడుముకు చుట్టుకుని, నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"బిడ్డా, జర బూట్లిప్పురా."

"ఇప్ప."

"దొర అరుగు మీదనే ఉన్నడు. గా రెండెకరాల చెలక ఆయన దయ మీదనే దున్నుకుంటున్న. గది గుంజుకుంటే నేను, మీ అమ్మ ఏం తినాలెరా?"

ఈలోగా దొర మమ్మల్ని చూడనే చూశాడు. బనీను మీద, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"ఏమ్రా, మిలిట్రీల చేరినవట. ఏదీ, మీ అఫ్సర్లకు కొట్టే సలాం నాకొకటి కొట్టు, చూస్త."

నా చెయ్యి లేవలేదు. బనీనుకు ఏ నక్షత్రం ఉందని లేస్తుంది? నేను కదలకపోయేసరికి బాపు దుమ్ములో మోకాళ్ల మీద కూర్చుని నా బూటు లేసులు లాగడం మొదలుపెట్టాడు. ముడి ఎటు విప్పాలో తెలియక గుంజుతున్నాడు. అరుగు చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నారు. అప్పుడు నాకొక దిక్కుమాలిన తెలివి పుట్టింది. టోపీ లేకుంటే సలాం లేదు గదా. టోపీ తీసి చంకలో పెట్టుకుని నిటారుగా నిలబడ్డాను. కాయిదా ప్రకారం తప్పించుకున్నాననుకున్నాను.

దొర పకపకా నవ్వాడు. "గట్లుండాలె! మిలిట్రీకి పోయినా మర్యాద మరువలే."

ఊరికి తెలిసింది ఒక్కటే కాయిదా. బట్టతో కప్పిన నెత్తి దొర ముందు బోడిదైతే అది మొక్కినట్టే. నేను తేలు కుట్టిన దొంగలా ముందుకు నడిచాను.

ఇంటికి వచ్చాక బాపు మీద విరుచుకుపడ్డాను. నా కాళ్ల దగ్గర కూర్చోవడానికి సిగ్గులేదా అన్నాను. కన్నతండ్రిని అనకూడని మాట అది. ఆయన చుట్ట వెలిగించుకున్నాడు. టోపీ తీస్తే సలాం ఎందుకు ఉండదో, ఎవరికి కొట్టాలో ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నాడు.

"మీ అఫ్సరు తిరిగి కొడ్తడా?"

"కొట్టాలె. కొట్టకుంటే తప్పు ఆయనది."

బాపు చుట్ట ఆర్పేసి గోడ వైపు చూశాడు. "గిన్నేండ్ల సంది మొక్కుతున్న. ఒక్కనాడన్న తలకాయ ఊపలేదురా దొర."

నేను టోపీ తీసి కాపాడిన ఆ చెలక మరుసటి వానాకాలానికే పోయింది. దొర తన బావమరిదికి ఇచ్చాడట. బడి పంతులుతో బాపు రాయించిన కార్డు చదివి దాన్ని ముక్కలుగా చింపాను. నా టోపీకి దొర కట్టిన విలువ ఒక్క పంట.

ఆ తర్వాతి సెలవుకు మళ్లీ వర్దీ మీదనే వచ్చాను. బాపు రోడ్డు మీదికి వచ్చాడు. ఇక పోగొట్టుకునేది ఏమీ లేదు. అయినా గడీ మలుపు రాగానే చెప్పులు చేతిలోకి, రుమాలు నడుముకు పోయాయి. దొర అరుగు మీదే ఉన్నాడు. నేను ఆగి, దొర వైపు వీపు పెట్టి బాపుకు ఎదురుగా నిలబడ్డాను. మడమలు కొట్టి సలాం కొట్టాను. బాపు భుజం మీద నక్షత్రాలు కాదు గదా, చొక్కా కూడా లేదు. ఉస్తాద్ చూస్తే మళ్లీ పరుగెత్తించేవాడు.

"ఏందిరా గిది! దించు. దొర చూస్తుండు."

"చూడనియ్. నువ్వు తిరిగి కొట్టు బాపూ. గది కాయిదా."

"నాకు రాదురా."

ఎత్తిన చెయ్యి క్షణం ఆపి దించాలని ఉస్తాద్ నేర్పాడు. నేను దించలేదు. వెనక నుంచి దొర గట్టిగా దగ్గాడు. ఆ దగ్గుకు బాపు నడుము అలవాటుగా వంగబోయి సగంలో ఆగింది. నా నెత్తి మీది టోపీ వైపు చూశాడు. ఎడమచేత్తో నడుముకున్న రుమాలు విప్పి నెత్తిన వేసుకున్నాడు. కుడిచెయ్యి ఖాళీ లేదు, అందులో చెప్పులున్నాయి.

ఆ చెప్పులు గడీ ముందు నేల మీద పడ్డాయి.