అచ్చు ఆరేదాకా ఆగమన్న మావయ్య

ఇవాళ పొద్దున బందరులో మా మేడమీద తొట్టెలో తోటకూర విత్తనాలు వేస్తూ, తడిమట్టిని పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాను. పక్కింటావిడ గోడమీంచి చూసి, "మట్టిమీద ఏం కోపమండీ?" అంది. కోపం కాదు, మా మావయ్య దగ్గర అంటిన అలవాటు.

మావయ్య పెడనలో కలంకారీ అద్దకం పనిచేసేవాడు. చెక్క అచ్చును రంగులో అద్ది, గుడ్డమీద ఆనించి, పైనుంచి పిడికిలితో గుద్దడం, దాని పక్కనే కలిసేలా ఇంకోటి వెయ్యడం. చెయ్యి వణకడం మొదలయ్యాక, ఒక అచ్చుకూ ఇంకో అచ్చుకూ జాయింటు కలవడంలేదని తానే మానేశాడు. తరవాత మాట మానేశాడు. ఆ తరవాత అన్నం కూడా మానేసేలా ఉన్నాడు. ఇలాగైతే మనిషి దక్కడని అత్తయ్య భయం, నాకూ అదే భయం. డాక్టరుగారేమో జ్వరం మాత్ర రాసినంత తేలిగ్గా, మొక్కలు పెంచమన్నారు. నేను గులాబీ కుండీలు తెచ్చిపెట్టాను. ఆయన వాటివంక చూస్తే ఒట్టు.

చివరికి అత్తయ్య ఓ మట్టితొట్టె ఆయన ముందుకు తోసి, ఎర్ర తోటకూర గింజలు చేతిలో పోసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను మాత్రం కిటికీ దగ్గర నిలబడ్డాను. తొంగిచూడటంలో చిన్నప్పటినుంచీ నాకు మంచి పేరుంది. ఆయన మట్టిని, బల్లమీద గుడ్డ పరిచినట్టు ఓపిగ్గా సర్దాడు. లోపలికెళ్ళి తీగ చెక్కిన అచ్చు తెచ్చి, మట్టిమీద పక్కపక్కనే పెడుతూ గుద్దాడు. పడిన గాడుల్లో గింజలు వేశాడు. నేను సంబరంగా చెంబుతో నీళ్ళు తెస్తే, చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగమ్మాయ్! అచ్చు ఆరద్దూ?"

ఎన్నాళ్ళకో విన్న గొంతు. విత్తనానికి ఆరడమేమిటని అనుకుంటూనే చెంబు కింద పెట్టేశాను. అచ్చు చక్కగా ఆరింది. గింజల్ని చీమలు ఇంకా చక్కగా మోసుకుపోయాయి. మావయ్యకు రోషం వచ్చింది. మళ్ళీ అచ్చు వేసి, ఈసారి తానే నీళ్ళు చిలకరించాడు.

మొలకలు ఎర్రగా, వంపులతో సహా తీగలాగే లేచాయి. ఓచోట మాత్రం ఖాళీ. "జాయింటు తప్పింది చూశావా?" అని ఆయనే చూపించి నవ్వాడు. ఆ పూట పెరుగన్నం అడిగి మారు వడ్డించుకున్నాడు. అత్తయ్య కొంగుతో కళ్ళొత్తుకుంది.

తోటకూర ఎదిగినా కొయ్యడానికి మాకు ప్రాణం ఒప్పలేదు. ఆయనకు మా బాధ అర్థం కాలేదు.

"పీకెయ్యండే! ఇది తియ్యకపోతే ఇంకోటి ఎక్కడ వేసేది?"

ఉతికినా వెలవని రంగులు వేసిన మనిషి, పప్పులో కలిసిపోయే తీగకోసం మళ్ళీ మట్టి సర్దుకుంటూ కూర్చున్నాడు. పెద్దవయసులో మనిషికి గడిచిన కాలమే తోడనుకునేదాన్ని. రేపటికి ఒక పని ఉంటే చాలని, ఆ పప్పన్నం తింటూ తెలుసుకున్నాను.