ఆ సినిమాలో లేని మాటలు

సీతారామపురం మండలంలో నా చిన్ననాటి స్నేహితుడి ఊరు ఒకటుంది. ఆ ఊళ్లో ఇప్పటికీ ఒక మాట నడుస్తోంది. వానల మీద తీసిన ఏదో సినిమా చూసి వచ్చాకే అతను ప్రాణం తీసుకున్నాడని, అతన్ని అక్కడికి బలవంతాన తీసుకుపోయి నలుగురిలో నవ్వులపాలు చేసింది భార్యేనని. ఆమె తీసుకుపోయిన మాట నిజం. తక్కినది నిజం కాదు. ఆ రోజు మైకు నా చేతిలో ఉంది.

నేను ఆత్మకూరులో జూనియర్ కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. వేరే రాష్ట్రపు కుర్రవాళ్లు కొందరు ఒక ఫిల్మ్ ఫెస్టివల్‌ను మా వైపు తెచ్చారు. వానలు తప్పడం, అడవులు తగలబడడం, వాటివల్ల మనుషుల మనసులు ఏమవుతాయన్నది ఆ సినిమాల విషయం. అన్నీ పరాయి భాషలవి, కింద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. పక్కన నిలబడి తెలుగులో చెప్పమని నన్ను అడిగారు. సంతోషంగా ఒప్పుకున్నాను.

మా కాలేజీలో వేసినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒక సినిమాలో గొర్రెల కాపరి, పొద్దున లేస్తే చావాలనిపించేదని అంటాడు. అదీ చెప్పాను. ఆట అయ్యాక ఊరి పెద్దమనిషి ఒకాయన నన్ను పక్కకు పిలిచి, పిల్లల ముందర ఆ పాడుమాటలేంది సారూ, కొంచెం మెత్తగా చెప్తే నీ సొమ్మేం పోతాది అన్నాడు. సరేనన్నాను. పైగా నేను ఉన్నది ఉన్నట్టు చెబుతుంటే సగంమంది లేచి పోవడం నేనూ చూశాను.

ఉదయగిరికి వచ్చేసరికి నాకు కిటుకు తెలిసింది. బరువైన మాట వచ్చినచోట దాటేయడం, మన యాసలో ఒక హాస్యం వదలడం. జనం నవ్వారు, ఎవరూ కదల్లేదు. ఆ కుర్రవాళ్లకు తెలుగు రాదు. నవ్వులు విని, మీవల్లే ఇంత బాగా జరిగిందని నా చేతులు పట్టుకున్నారు. అది నాకు బాగా ఎక్కింది.

తరువాతి ఆట నా స్నేహితుడి ఊళ్లో. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి హాల్లోనే కిటికీలకు గోనెపట్టలు కట్టి తెర దించారు. సంఘ పెద్దలు ముందు బెంచీలో కూర్చున్నారు. నా స్నేహితుడు భార్యతో కలిసి గోడవారగా కూర్చున్నాడు. మేమిద్దరం దుత్తలూరు బడిలో ఒకే బెంచీ. అతని నిమ్మతోట నీళ్లు లేక ఎండిపోయింది. ఒకదాని తరువాత ఒకటి వేసిన బోర్లన్నీ దుమ్మే కక్కాయి. చెట్లు కొట్టించేశాక మనిషి ఇల్లు కదలడం మానేశాడని, పలకరిస్తే పలకడని విన్నాను. వినీ పోయి చూడలేదు. సోమరితనం పట్టుకుందనుకున్నాను.

గొర్రెల కాపరి సినిమా మొదలైంది. వానలు లేక మంద మొత్తం అమ్మేసిన మనిషి. ఆ తరువాత మంచం దిగడు. కెమెరా ఆ మంచం మీదే చాలాసేపు ఉంటుంది. శబ్దం ఉండదు. హాల్లో జనం అటూ ఇటూ కదలడం మొదలైంది. నేను మైకు నోటిదగ్గర పెట్టుకుని, "పెండ్లాం గొడ్డుచాకిరీ జేస్తా ఉంటే ఈ దొరగారు దుప్పటి దియ్యడు. ఏందయ్యా అంటే ఇంకా తెల్లారలా అంటాడు" అన్నాను.

హాలు గొల్లుమంది. వెనకనుంచి ఎవరో, "మనూర్లో గూడా ఉండాడు సారూ ఒక దొర" అన్నారు. తలలన్నీ గోడవైపు తిరిగాయి. నేనూ చూశాను. అతను కూడా నవ్వాడు. అందరూ నవ్వుతుంటే నవ్వకపోతే బాగుండదని నవ్వే నవ్వు అది.

ఆ సమయంలో తెర మీద ఉన్న మాటలు వేరు. నా ఒంటికి ఏమీ కాలేదు, జబ్బు పడింది మనసు, దీనికి మందు ఉంటుందని నాకు తెలియదు అని ఆ కాపరి అంటున్నాడు. తరువాత భార్య అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంది. చిన్న గదిలో మామూలు బట్టల్లో ఉన్న ఒక ఆడమనిషి ఆ డాక్టరు. పిచ్చి డాక్టరు అంటే ముందు బెంచీవాళ్లు ఏమంటారోనని భయపడి, ఆమె అతని అత్త, ధైర్యం చెబుతోంది అన్నాను. ఆమె ఇచ్చిన మాత్రలను బలం మాత్రలు అన్నాను. నెలల తరబడి వాడాకే అతను మళ్లీ గడప దాటుతాడు. ఆ నెలల సంగతి నేను ఎత్తనే లేదు.

ఆట అయ్యాక వైర్లు చుడుతుంటే నా స్నేహితుడు దగ్గరికి వచ్చాడు.

"ఒరే, ఆయన బాగుపడినాడా?"

"పడకేం. కడాకు లేచి తిరగతా ఉండాడు గదా."

"ఎట్ట బాగుపడినాడు?"

"ఎట్టనో బాగుపడినాడు లేరా. సినిమా గదా."

అతను ఇంకా నిలబడే ఉన్నాడు. జీపు హారన్ కొడుతున్నారు. మళ్లీ వస్తాను, తీరిగ్గా మాట్లాడుకుందాం అని అతని భుజం తట్టి ఎక్కేశాను.

నెల తిరక్కముందే కబురొచ్చింది.

పోయినవాళ్ల ఇంటివాళ్ల కోసం చర్చివాళ్లు పెట్టే ఆదరణ కూడికలో అతని అన్న అందరి ముందు ఆ ఇల్లాలిని అనరాని మాటలన్నాడు. మొగుణ్ణి చూసి ఊరు నవ్వాలనే సినిమాకు లాక్కుపోయిందన్నాడు. ఆమె తల వంచుకుని కూర్చుంది. నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని విన్నాను. భోజనం చేసి వచ్చాను. ఫెస్టివల్ కుర్రవాళ్లు విషయం తెలిసి, మా సినిమావల్లేనా అని ఫోన్‌లో ఏడ్చారు. కాదని నేను చెప్పలేదు. కొన్నాళ్లు ఇటు రావద్దని మాత్రం చెప్పాను.

మరుసటి ఏడు వాళ్లు ఆత్మకూరుకు వచ్చారు. ఈసారి సినిమాల కింద తెలుగు అక్షరాలు వేసుకొచ్చారు. నా అవసరం లేదు. వెనక కూర్చుని అదే సినిమా చూశాను. మంచం వచ్చింది. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. ఒక్కరూ లేచి పోలేదు.

ఆ వారమే సినిమాను ఫోన్‌లో వేసుకుని నా స్నేహితుడి ఊరు వెళ్లాను. అతని భార్య పెరట్లో గొడ్లకు చొప్ప నరుకుతోంది. పక్కన కూర్చుని మొత్తం చూపిస్తూ, ఈసారి ప్రతి మాటా చెప్పాను. చిన్న గది వచ్చినప్పుడు ఆమె చెయ్యి ఆగింది.

"ఈమె అత్త అంటివే అన్నా?"

"డాక్టరు."

"దుప్పటి మాటో?"

"నేను కల్పించి చెప్పింది."

ఆమె ఏడవలేదు. కత్తి పక్కన పెట్టింది. "ఆయన వాలకం జూసి నాకు బయమేసింది. ఏం జెయ్యాల్నో అందులో చెప్తారేమోనని తీస్కొచ్చినాను" అంది. తెర వైపు చూస్తూ, "చెప్పినారన్న మాట" అంది.

నేను సరిగ్గా చెప్పివుంటే అతను బతికేవాడని అనను. నాకు తెలియదు. అతను అడిగాడు, నేను చెప్పలేదు. తెలిసింది ఇంతే.

క్షమించమని అడగబోతే ఆమె అడ్డం వచ్చింది. "నాతో చెప్తే ఏమొస్తాది? మా బావతో చెప్పు" అని లేచి ముందు నడిచింది.

అతని అన్న వాకిట్లోనే నిలబెట్టి అంతా విన్నాడు. "చదువుకున్నోడివి, నువ్వట్ట చెప్తావా? ఆమె ఏడిస్తే జాలిపడి నీ మీద ఏసుకుంటా ఉండావు" అన్నాడు. ఫోన్ తీసి చూపించబోయాను. ఆ సినిమా నా గడపలో పెట్టొద్దన్నాడు. నిజం చెప్పినా నమ్మించలేని స్థితి వస్తుందని నేను ఊహించలేదు. ఆలస్యం చేసింది నేనే.

తిరిగి వస్తుంటే ఆమె నా ముఖం చూడకుండా అంది: "మళ్లా రా అన్నా. ఆయన నమ్మిందాకా రా."

పోతున్నాను. ఉదయగిరిలో బస్సు మారి, ఆదివారం ఆరాధన ముగిసే వేళకు ఆ వాకిట్లో నిలబడతాను. పోయిన వారం అతను తలుపు తీయలేదు. లోపల టీవీ గొంతు పెంచాడు. నేను బయటినుంచే, అది డాక్టరమ్మ, ఆ దుప్పటి మాట నాది అని మొదలుపెట్టాను. వీధిలో పోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆగి విన్నారు.